వాయిదాల్లో మునిగిన తమ్ముణ్ని బయటికి తేవడం ఎలా?

మా తమ్ముడు విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాడు. జీతం పడిన వారంలోపే సగానికి పైగా వాయిదాలకే పోతోంది. ఫోను, గోడంత టీవీ, పాతది బాగానే పనిచేస్తున్నా మార్చేసిన ఫ్రిజ్! పండగ ఆఫర్లంటే చాలు, చెయ్యి ఆగదు. ‘వడ్డీ లేని వాయిదాలే కదక్కా’ అంటాడు. అసలు సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. క్రెడిట్ కార్డు మీద వాయిదాల్లో కొంటే వడ్డీ మేరకు ధర తగ్గించి చూపిస్తారు, ఆ వడ్డీని మళ్లీ వాయిదాల్లో కలిపి వసూలు చేస్తారు. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మన నెత్తినే. వాడి స్టేట్‌మెంట్‌లో ఆ వరుసలు వేలు పెట్టి చూపిస్తే నవ్వేశాడు.

అమ్మ మందుల డబ్బు ఇప్పుడు నేనే పంపుతున్నాను. అది నాకు బరువు కాదు. కానీ వాడు ఇంటికి రావడం మానేశాడు, అమ్మ ఫోను కూడా ఎత్తడు. మరదలి గొలుసు తాకట్టులో ఉందట.

ఇలాంటి స్థితి దాటినవాళ్లు దయచేసి చెప్పండి. ముందు చిన్న బాకీ తీర్చాలా, వడ్డీ ఎక్కువున్నదా? గడువుకు ముందే మూసేస్తే ఇచ్చిన తగ్గింపు వెనక్కి తీసుకుంటారా? నేనే కట్టేస్తే మళ్లీ మొదలుపెడతాడేమోనని భయం. వాడు చిన్నబుచ్చుకోకుండా ఈ మాట ఎలా ఎత్తాలి?