పెద్దాయన కళ్లు తిరిగి పడిపోతే ముందు తలకు స్కానింగా, నిలబెట్టి బీపీయా?

పటమట_పద్మ: మా మామగారికి 76. తెల్లవారుజామున బాత్రూమ్‌కని లేచి గుమ్మంలో పడిపోయారు. నిమిషంలో తేరుకుని మామూలుగా మాట్లాడారు. తలకు దెబ్బ లేదు. బీపీ మాత్ర, ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడతారు. సూర్యారావుపేటలో ఒకచోట తలకు సీటీ, మెడ రక్తనాళాలకు డాప్లర్ స్కాన్ రాశారు. చేయించాలా?

బ్రాడీపేట_రావు: దండగ. కాలూచెయ్యీ పడిపోలేదు, మాట తడబడలేదు. అలాంటప్పుడు తల స్కానింగ్‌లో సాధారణంగా ఏమీ కనపడదు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే, లేచేసరికి బీపీ పడిపోతోందని తేలినట్టే. నా అనుమానం ఆ ప్రోస్టేట్ మాత్ర మీదే.

కృష్ణలంక_శ్రీను: ఏం తేలినట్టు? మా అమ్మకూ ‘లో బీపీ’ అని చెప్పి ఓఆర్ఎస్ ఇచ్చి పంపారు. కుర్చీలో కూర్చుని కూరగాయలు తరుగుతూ ఒరిగిపోయిన మనిషికి!

బ్రాడీపేట_రావు: కూర్చుని పడటం వేరు, లేస్తూ పడటం వేరు. కూర్చున్నప్పుడో, నడుస్తున్నప్పుడో ఉన్నట్టుండి పడితే గుండెనే అనుమానించాలి. ఈసీజీ వద్దని నేనెక్కడన్నాను?

కృష్ణలంక_శ్రీను: కావాలనీ అనలేదుగా. పైకెళ్లి చదువుకోండి.

గవర్నర్‌పేట_కుర్రాడు: మే నెలలో బెజవాడ ఎండకి నాకే బీపీ పడిపోద్ది.

బ్రాడీపేట_రావు: ఈసీజీ అంటారు, తర్వాత రోజంతా ఒంటికి తగిలించి గుండె లయ రాసే హోల్టర్ అంటారు. ఎప్పుడో ఒకసారి వచ్చేది 24 గంటల్లో దొరుకుతుందా?

కృష్ణలంక_శ్రీను: దొరక్కపోతే చర్మం కింద పెట్టి, నెలల తరబడి గుండె లయ రాసే లూప్ రికార్డర్ ఉంది. డబ్బు మీదేం కాదుగా, మీకెందుకండీ అంత బాధ?

బ్రాడీపేట_రావు: ఎందుకా? పడ్డప్పుడు చేతులు కొట్టుకున్నాయని మా నాన్నకు ఫిట్స్ అన్నారు. మామూలుగా స్పృహ తప్పినా కాసేపు అలా కొట్టుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. స్కాన్ల మీద స్కాన్లు. ఏడాది పాటు ఆ మందుల మత్తులో మనిషి పొలం మొహం చూడలేదు. చివరికి చూస్తే బీపీ మాత్రల డోసు ఎక్కువైంది.

కృష్ణలంక_శ్రీను: మీ నాన్నకు అక్కర్లేనివి చేశారు. మా అమ్మకు కావలసింది చెయ్యలేదు. గుండె బ్లాక్ (రక్తనాళం పూడిక కాదు, గుండెను కొట్టించే విద్యుత్ సంకేతాలకు అడ్డు) అని తెలిసి పేస్‌మేకర్ పెట్టేసరికే తుంటి విరిగింది. ఒక్క ఈసీజీ తీసుంటే ముందే దొరికేదేమోనని ఇప్పటికీ అనుకుంటాను.

పటమట_పద్మ: పడుకున్నప్పుడు 138/82, నిలబడ్డాక 112/74. మామగారు రెండు మాత్రలూ మానేస్తానంటున్నారు.

బ్రాడీపేట_రావు: సొంతంగా మాననివ్వకండి. ఈ అంకెలూ, మందుల చీటీ డాక్టరుకు చూపించండి.

కృష్ణలంక_శ్రీను: ఈసీజీతో పాటు.

పటమట_పద్మ: రేపు తీయిస్తాను. మా ఆయన మాత్రం ‘ఖర్చెంతైనా సరే, స్కాన్ చేయించు’ అని అమెరికా నుంచి ఒకటే ఫోన్లు.

బ్రాడీపేట_రావు: ఆయన్ని ఈ చర్చలోకి తీసుకురండి.