ర్యాలీ కారు సర్వీసులో ముందు ఏ పని పట్టుకోవాలి?

శ్రీకాకుళంలో ఆమదాలవలస రోడ్డు పక్కన నాకు మెకానిక్ షెడ్డు ఉంది. మా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు ఎడారి ర్యాలీకి వెళ్తూ, "అన్నా, మెకానిక్‌గా మీరే రావాలి" అన్నాడు. ఒప్పుకున్నాను. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.

ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో రోజు చివరి సర్వీసుకు 45 నిమిషాలే ఇస్తారు. దాకర్ అనే పెద్ద ఎడారి ర్యాలీలో మెకానిక్‌లు రాత్రంతా పనిచేయవచ్చు, కానీ మారథాన్ స్టేజీ అనే దశలో వాళ్లు కారు ముట్టుకోకూడదు. డ్రైవరూ, పక్కన కూర్చుని దారి చెప్పే నావిగేటరూ బాగుచేసుకోవాల్సిందే. నా షెడ్డులో ఒక జత షాక్ అబ్జార్బర్లు మార్చడానికే గంట దాటుతుంది.

మొన్న వంశధార ఒడ్డున ఇసుక దారిలో 40 కిలోమీటర్లు తిప్పి చూశాం. ఎయిర్ ఫిల్టరు మడతల్లో పిండిలాంటి దుమ్ము. వెనక షాక్ అబ్జార్బరు రాడ్డు చుట్టూ నూనె తడి, దాని మీద ముద్దగా మట్టి. లోపలి నూనె బయటికి రాకుండా ఆపే సీలు పోయినట్టేనా, ఇంకొన్నాళ్లు నమ్మవచ్చా?

బిగించిన ప్రతి నట్టు మీదా తెల్ల పెయింటుతో గీత పెడుతున్నాను, కదిలితే వెంటనే తెలుస్తుందని. అనుభవం ఉన్నవారు చెప్పండి: బండి రాగానే ముందు చూడాల్సింది సస్పెన్షనా, ఫిల్టరా? ఫిల్టరు దులిపి వాడవచ్చా, రోజూ కొత్తది వేయాలా? దారిలో నేను పక్కన లేనప్పుడు ఆ కుర్రాడు సొంతంగా చేసుకోగలిగేలా ఏ పనులు నేర్పి పంపాలి?