లెక్కల లెక్చరర్ అవ్వాలి, పుస్తకం కూడా రాయాలి. ముందు ఏది?

విజీనగరం కుర్రోడు:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఆఖరి సంవత్సరం. కొన్నాళ్లుగా ఎంఐటీ ప్రొఫెసర్ గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు యూట్యూబ్‌లో చూస్తున్నాను. మొదటి క్లాసులోనే 2x − y = 0, −x + 2y = 3 అని రెండు సమీకరణాలు రాసి, వాటిని అడ్డంగా కాకుండా నిలువుగా, x పక్క అంకెలు ఒక జత, y పక్కవి ఒక జతగా చూడమంటారు. (2, −1) ఒకసారి, (−1, 2) రెండుసార్లు తీసుకుని కలిపితే (0, 3) వచ్చేస్తుంది, జవాబు x = 1, y = 2 అంతే. తొమ్మిదో తరగతి నుంచి ఇవే సాధిస్తున్నాను, ఇలా చూడొచ్చని ఎవరూ చెప్పలేదు. నాకూ లెక్చరర్ అయ్యి ఇలాంటి పుస్తకం ఒకటి రాయాలనుంది. ఇంట్లో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు, నాన్నయితే "పుస్తకాలు రాసి బాగుపడినోడు మనూళ్లో ఎవడున్నాడ్రా" అన్నారు. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ కొట్టి పీహెచ్‌డీకి వెళ్లాలా, ఏదైనా కాలేజీలో చేరి పాఠాలు మొదలెట్టాలా? పుస్తకం రాస్తే ఉద్యోగంలో ఏమైనా కలిసొస్తుందా?

ఎచ్చెర్ల స్కాలర్:
టెన్షన్ పడకు తమ్ముడూ, ముందు దారి చెప్తాను. పీజీలో 55 శాతం (రిజర్వేషన్ ఉంటే 50), ఆపైన సీఎస్ఐఆర్ నెట్‌లో మ్యాథమెటికల్ సైన్సెస్ పాసవ్వాలి, లేదంటే రాష్ట్రం పెట్టే ఏపీసెట్. నెట్‌లో మంచి ర్యాంకుతో జేఆర్ఎఫ్, అంటే రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చిందంటే 2023 నుంచి నెలకు 37,000, పీహెచ్‌డీకి ఇంట్లో చెయ్యి చాచక్కర్లేదు. డీఎస్సీని తీసిపారెయ్యకు, ఉద్యోగం చేస్తూ నెట్ కొట్టినవాళ్లు మా దగ్గరే ఉన్నారు.

ఇక పుస్తకం. యూజీసీ 2018 నిబంధనల్లో రీసెర్చ్ స్కోరు లెక్క ఉంటుంది, సైన్సులో జర్నల్లో వేసిన ఒక రీసెర్చ్ పేపరుకి 8 పాయింట్లు, దేశంలోని పబ్లిషర్ వేసిన పుస్తకానికి 10. పదేళ్ల పాఠాలు పిండి రాసిన పుస్తకం విలువ ఒకటింపావు పేపరన్నమాట! అందుకే మా సార్లు పేపర్లే రాస్తారు.

ఏడురోడ్ల మాస్టారు:
బాబూ, నేను డిగ్రీ పిల్లలకి ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. స్ట్రాంగ్ గారి పాఠాలు చూశావు, బాగుంది, ఆయన ఏ ఏడు ఏం చేశారో కూడా చూడు. 1959లో పీహెచ్‌డీ, 1962లో ఎంఐటీలో చేరడం, 1968లో కష్టమైన సమీకరణాన్ని ముక్కలు చేసి సాధించే, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలిచే స్ప్లిట్టింగ్ పద్ధతి, 1973లో జార్జ్ ఫిక్స్‌తో కలిసి ఫైనైట్ ఎలిమెంట్ అనే లెక్కింపు పద్ధతి మీద పుస్తకం. లీనియర్ ఆల్జీబ్రా మీద మొదటి పుస్తకం 1976లో గానీ రాలేదు, అప్పటికి అక్కడ చేరి పద్నాలుగేళ్లు. తర్వాత సొంతంగా వెలెస్లీ-కేంబ్రిడ్జ్ ప్రెస్ పెట్టుకున్నారు, ఇప్పుడు అందరూ కొనే ఇంట్రడక్షన్ టు లీనియర్ ఆల్జీబ్రా 1993లో అందులోనే వచ్చింది. 2023 మే 15న ఆఖరి క్లాసు చెప్పేనాటికి 88 ఏళ్లు.

సొంత ప్రెస్ సంగతి ఊరికే ఎత్తలేదు. నేనూ ఒకటి రాశాను, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. సిలబస్ మారిన ఏడాది ఒక పబ్లిషరు వచ్చి ఆరు వారాల్లో కావాలన్నాడు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని వాటికి జవాబులు రాసిచ్చాను, అంతకంటే ఏం రాస్తాం ఆరు వారాల్లో! ఒకేసారి కొంత డబ్బు చేతిలో పెట్టాడు, రాయల్టీ లేదు, ప్రూఫులు చూపించలేదు. ఓ రోజు క్లాసులో ఒక అమ్మాయి లేచి "సార్, మీరు బోర్డు మీద ప్లస్ వేశారు, మీ బుక్కులో మైనస్ ఉంది" అంది. రెండో ముద్రణలోనూ ఆ మైనస్ అలాగే ఉంది.

గంటస్తంభం:
రాస్తే ఏ భాషలో రాస్తాడో ఎవరూ అడగలేదేం? 1968లో తెలుగు అకాడమీ పెట్టాక మాత్రికలు, సదిశాంతరాళాలు అంటూ మేం తెలుగులోనే చదివాం. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం. మా అబ్బాయి ఇంగ్లిష్ పుస్తకం చదివి, అర్థం తెలుగులో చెప్పమని నా దగ్గరికొస్తాడు, నాకేమో ఆ ఇంగ్లిష్ పేర్లు తెలియవు. ఇలాంటి పిల్లల కోసం తెలుగులో నాలుగు వీడియోలు చెయ్యి ముందు.

విజీనగరం కుర్రోడు:
మాస్టారూ, మరి పద్నాలుగేళ్లు ఆగమంటారా?

ఏడురోడ్ల మాస్టారు:
రాయడం ఆపమనలేదు, అచ్చు వెయ్యడం ఆపమన్నాను. జూన్‌లో నెట్ రాయి, సాయంత్రం ఏదో ఒక చోట ఇంటర్ పిల్లలకి చెప్పు. పాఠం అయ్యాక వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అదే రోజు నోట్సు పక్కన రాసిపెట్టుకో, మర్నాటికి గుర్తుండదు. నేను రాసుకోలేదు, అందుకే పాత ప్రశ్నపత్రాల మీద పడ్డాను.

విజీనగరం కుర్రోడు:
సరే మాస్టారూ, రాసుకుంటాను. ఆ మైనస్ ఏ చాప్టర్లో అండీ? మా సీనియర్ దగ్గర పాత పుస్తకాలు చాలా ఉన్నాయి, మీదీ ఉందేమో.

ఏడురోడ్ల మాస్టారు:
రెండో చాప్టరు, ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ దగ్గర మూడో లెక్క. దొరికితే పెన్నుతో దిద్దుకోమను.