ముందుగానే ఉద్యోగ విరమణ చేసినవారు పాత సాంకేతిక పనిని పూర్తిగా వదిలేయాలా?

అన్వేషి:

రెండు దశాబ్దాలకు పైగా డేటాబేస్‌ల నిర్వహణలో పనిచేసి, యాభై ఏళ్ళు రాకముందే నా ఇష్టంతోనే ఉద్యోగం మానుకున్నాను. ఖర్చులకు సరిపడే పొదుపు ఉంది, ఆరోగ్యం బాగుంది, నన్ను ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు. అయినా రోజులు సాఫీగా గడవడం లేదు. నిద్ర లేవగానే చెయ్యి ఫోన్ కోసం వెతుకుతుంది. రాత్రి నడిచిన బ్యాకప్‌లు సరిగ్గా ముగిశాయో లేదో చూసుకునే అలవాటు అది. ఏ హెచ్చరికా లేకపోవడం ఒకప్పుడు ఎంతో ఊరటనిచ్చేది, ఇప్పుడు అదే వెలితిగా తోస్తోంది.

ఈలోగా పాత సంస్థ నుంచి కబురు వచ్చింది. వారానికి రెండు రోజులు సలహాదారుగా ఉండమంటున్నారు. ఒప్పుకుంటే చేతిలో ఉన్న విద్య నిలబడుతుందని ఒక మనసు, ఒప్పుకుంటే విరమణకు అర్థమేముందని మరొక మనసు. ఈ దశ దాటినవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

తెరచాప:

అన్వేషి గారూ, ఒప్పుకోవద్దనే నా సలహా. వారానికి రెండు రోజులన్న మాట ఒప్పంద పత్రంలో మాత్రమే ఉంటుంది. డేటాబేస్ పని చేసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. మీ సలహా మేరకు వాళ్ళు సమాచారాన్ని త్వరగా వెతకడానికి వాడే ఒక ఇండెక్స్ మార్చినా, సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు తెచ్చినా, దాని ఫలితం మీరు పనిలో లేని ఐదు రోజుల్లోనే బయటపడవచ్చు. అప్పుడు నిర్ణయించే అధికారం మీకు ఉండదు, బాధ్యత మాత్రం మనసులో పూర్తిగా ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ రెండూ కలిసే ఉండేవి కాబట్టి భారం మోయగలిగాం.

మీరు చెప్పిన అలజడి విరమణలో ఒక దశ అని నేను నమ్ముతున్నాను. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ అచ్లీ 1976లోనే విరమణను దశలుగా వర్ణించారు. మొదట స్వేచ్ఛ దొరికిన ఉత్సాహం, ఆ తరువాత నిరుత్సాహం, ఆ తరువాత జీవితాన్ని కొత్తగా అమర్చుకోవడం, చివరికి ఒక స్థిరత్వం. అందరూ అన్ని దశలనూ అదే వరుసలో దాటాలని ఆయన అనలేదు. కానీ నిరుత్సాహం మొదలైన వెంటనే పాత పనికి తిరిగి వెళ్ళిపోతే, కొత్తగా అమర్చుకోవలసిన అవసరమే మన ముందుకు రాదు. నేను గమనించినంతలో, సగం పని పెట్టుకున్నవారిలో చాలామంది సగం విశ్రాంతి కూడా పొందలేదు.

చేతిలోని విద్య పోతుందన్న భయం మీ వృత్తిలో మరీ ఎక్కువ ఉండనక్కరలేదు. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్, సమాచారాన్ని పట్టికలుగా అమర్చే రిలేషనల్ నమూనాను ప్రతిపాదించింది 1970లో. దాని మీద కట్టిన వ్యవస్థలే ఈనాటికీ నడుస్తున్నాయి. 1959లో రూపుదిద్దుకున్న కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవారు కావాలని 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నర్ బహిరంగంగా కోరవలసి వచ్చింది. నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తి, పాత కంప్యూటర్ వ్యవస్థలు తట్టుకోలేకపోయిన సమయమది. ఒక ఏడాది దూరంగా ఉన్నంత మాత్రాన మీరు, ఒకే సమాచారాన్ని ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపే లాకింగ్‌నూ, లావాదేవీల సూత్రాలనూ మరచిపోరు. ఉపకరణాల పేర్లు మారతాయి, వాటిని మళ్ళీ నేర్చుకోవచ్చు.

పాతగూడు:

అధికారం లేని బాధ్యత గురించి తెరచాప గారు చెప్పినది అక్షరాలా నిజం. అయితే అందువల్ల అన్నిటినీ తెంచుకోవాలన్న ముగింపుకు నేను రాలేను.

ఆస్ట్రియాలో వియన్నా సమీపంలోని మరియెన్‌తాల్ అనే ఊరు మొత్తం ఒక వస్త్ర కర్మాగారం మీద ఆధారపడి బతికేది. అది మూతపడిన తరువాత ఆ ఊరి జీవితాన్ని సామాజిక పరిశోధకులు మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ దగ్గర నుంచి పరిశీలించి 1933లో ప్రచురించారు. మనుషులకు కావలసినంత తీరిక దొరికింది, కానీ గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్ళడం దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో నడిచే వేగాన్ని కూడా వాళ్ళు కొలిచారు. పురుషులు మెల్లగా నడుస్తూ మాటిమాటికీ ఆగిపోయేవారు. ఇంటి పని మీద పడి ఉన్న స్త్రీలు త్వరగా నడిచేవారు. యహోదా తరువాతి కాలంలో దీనినుంచి ఒక వాదాన్ని నిర్మించారు. ఉద్యోగం జీతంతో పాటు, మనం గుర్తించకుండానే మరో ఐదింటిని ఇస్తుందన్నారు. రోజుకు ఒక కాలక్రమం, కుటుంబానికి వెలుపలి మనుషులతో సంబంధం, పదిమందితో కలిసి సాధించే లక్ష్యం, సమాజంలో ఒక గుర్తింపు, క్రమం తప్పని పని.

జీతం స్థానాన్ని పొదుపు భర్తీ చేయగలదు. మిగిలిన ఐదింటినీ ఏ పొదుపు ఖాతా భర్తీ చేయదు. అందులోనూ సాంకేతిక వృత్తికి ఒక ప్రత్యేకత ఉంది. సమస్య మరొకరి దగ్గర పుట్టి మన దగ్గరికి వస్తుంది, దానికి పరిష్కారం ఉందో లేదో తేలిపోతుంది, పరిష్కారమైతే ఎదుటివారి పని మళ్ళీ మొదలవుతుంది. ఈ మూడూ కలిసి మనిషికిచ్చే తృప్తి ఒంటరి అభ్యాసంలో దొరకదు. విరమణ తరువాత ఇంట్లో పాత కంప్యూటర్ మీద సర్వర్ నెలకొల్పి, దానికి పర్యవేక్షణ తెర పెట్టి, గుర్తులన్నీ పచ్చగా ఉంటే చూస్తూ కూర్చున్నవారిని నేను ఎరుగుదును. పనితనంలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ సర్వర్ ఆగిపోతే ఇబ్బందిపడే మనిషి ఒక్కరూ లేరు. కొన్నాళ్ళకు వాళ్ళే దాన్ని ఆపేశారు, ఆపిన సంగతి ఎవరికీ తెలియలేదు.

కాబట్టి అన్వేషి గారు నిలబెట్టుకోవలసింది డేటాబేస్ విద్యను కాదని నా ఉద్దేశం. తనను అడిగేవాళ్ళు, తాను మాట ఇచ్చి నెరవేర్చవలసినవాళ్ళు కొందరైనా ఉండేలా చూసుకోవాలి. అది పాత సంస్థ కావలసిన పని లేదు.

తెరచాప:

మరియెన్‌తాల్ ఉదాహరణ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. వాళ్ళు విరమించుకున్నవాళ్ళు కారు, ఉపాధి కోల్పోయినవాళ్ళు. ఆకలి, రేపటి గురించిన భయం ఉన్న ఇంట్లో పుస్తకం చదవబుద్ధి కాకపోవడంలో వింత లేదు. ఆ నిస్పృహను తీసుకొచ్చి, తన ఇష్టంతో, చాలినంత ధనంతో పని మానుకున్న మనిషికి అంటగట్టడం న్యాయం కాదు.

పాతగూడు:

పేదరికం విషయంలో మీ అభ్యంతరం సరైనదే, ఆ తేడాను నేను తక్కువ చేయను. కానీ ప్రశ్న అడిగిన మనిషికి పేదరికమూ లేదు, రేపటి భయమూ లేదు, అయినా రోజు గడవడం లేదని ఆయనే రాశారు. దానికి కారణం జీతం కాదని తేలిపోయింది కదా. ఇంకేదో పోయింది. అదేమిటో చెప్పడానికే యహోదాను తెచ్చాను.

గణకుడు:

ఇద్దరూ డబ్బు విషయం తేలిపోయిందన్నట్లు మాట్లాడుతున్నారు. ముందస్తు విరమణలో అది అంత తేలికగా తేలదు. ఏటా పొదుపులో 4 శాతం తీసుకోవచ్చన్న ప్రసిద్ధ సూత్రం ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ 1994లో రాసిన వ్యాసం నుంచి వచ్చింది. మొదటి ఏడాది 4 శాతం తీసి, ఆ తరువాత ధరల పెరుగుదల మేరకు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోవడం దాని పద్ధతి. ఆయన అమెరికా మార్కెట్ల గత చరిత్రను తీసుకుని, 30 ఏళ్ళ విరమణ కాలానికి లెక్కవేశారు. యాభైకి ముందే మానుకున్నవారికి 40 ఏళ్ళకు పైగా గడపవలసి రావచ్చు. ఆ లెక్క ఇక్కడికి యథాతథంగా వర్తించదు.

అంతకన్నా ముఖ్యమైనది తొలి సంవత్సరాల ప్రమాదం. విరమించిన కొత్తలోనే మార్కెట్ పడిపోయి, అదే సమయంలో ఖర్చులకు అసలును అమ్ముకోవలసి వస్తే, తరువాత మార్కెట్ కోలుకున్నా ఆ పొదుపు కోలుకోవడం కష్టం. ఏడాది ఖర్చుకు 25 రెట్లు కూడబెట్టిన మనిషి తొలి ఐదేళ్ళలో సగం ఖర్చును చిన్న సంపాదనతో గడిపితే, పొదుపు నుంచి తీసేది 4 శాతానికి బదులు 2 శాతమే అవుతుంది. ఈ ఒక్క కారణంతోనే నేను సగం పనిని సమర్థిస్తాను, అది ఏ పనైనా సరే.

ఇలాంటి చర్చల్లో ముందుగా విరమిస్తే ఆయుష్షు తగ్గుతుందన్న మాట తరచుగా వస్తుంది కాబట్టి ఒక వివరణ కూడా ఇస్తాను. షెల్ ఆయిల్ ఉద్యోగుల మీద 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, 55 ఏళ్ళకు విరమించినవారిలో మరణాల రేటు 65 వరకు పనిచేసినవారి కన్నా ఎక్కువగా కనిపించిన మాట నిజమే. కానీ 55కే మానుకున్నవారిలో అనారోగ్యం వల్ల మానుకున్నవారు కూడా ఉంటారు. 60 ఏళ్ళకు మానుకున్నవారికీ 65 వరకు పనిచేసినవారికీ అలాంటి తేడా ఏమీ కనబడలేదు. ఆ భయంతో నిర్ణయం తీసుకోనక్కరలేదు.

సహచరి:

నేను విరమించినదాన్ని కాదు, విరమించిన ఇంజనీరుతో కాపురం చేస్తున్నదాన్ని. ఇంట్లోవాళ్ళ వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను.

మా వారు ఉద్యోగం మానిన తరువాత వంటింటి అలమరలన్నీ ఖాళీచేసి, ఏది ఎంత తరచుగా వాడతామో నాలుగు రోజులు కాగితం మీద రాసుకుని, ఆ లెక్క ప్రకారం మళ్ళీ సర్దారు. ఆ అమరిక తర్కానికి నిలిచేదే. కానీ చీకట్లో కూడా చెయ్యి చాపితే దొరికే డబ్బా నాకు దొరకడం మానేసింది. ఆ తరువాత నేను బజారుకు వెళ్ళే వేళలు, పిల్లల చదువు, మా అత్తగారి మందుల పట్టిక, అన్నిటిలోనూ ఆయనకు సరిచేయవలసినవి కనిపించసాగాయి. ప్రేమతోనే చేశారు, అందులో నాకు సందేహం లేదు. ఇంతకాలం సమస్యలను వెతికి పరిష్కరించడమే పనిగా పెట్టుకున్న బుద్ధి, బయట సమస్య దొరకకపోతే ఇంట్లో వెతుక్కుంటుంది. పగలంతా ఇల్లు నడిపే మనిషికి అప్పటికే ఒక కాలక్రమం ఉంది, దానికి కారణాలున్నాయి. కొత్తగా వచ్చినవారు ముందు దాన్ని నేర్చుకోవాలి.

అందుకే పాతగూడు గారి మాట నాకు నచ్చింది. మా వారు ఇప్పుడు వారంలో కొన్ని పూటలు ఒక గ్రంథాలయంలో పెద్దవాళ్ళకు కంప్యూటర్ వాడకం నేర్పుతున్నారు. ఆ పూటల కోసం ముందురోజు రాత్రే పాఠం సిద్ధం చేసుకుంటారు. అక్కడ ఆయన కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు. పాత సంస్థకే తిరిగి వెళ్ళి ఉంటే ఇంత నెమ్మది వచ్చేదని నేను అనుకోను.

పాతగూడు:

సహచరి గారి అనుభవానికి ఒక హెచ్చరిక చేర్చాలి. ఎవరికైనా పనికొచ్చే పని అనగానే మనవాళ్ళు చాలామంది ఎవరైనా చదివి మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వైపు చూస్తారు. మంచి దారే, కానీ హద్దులు పెట్టుకోకపోతే జీతం లేని అత్యవసర విధిగా మారుతుంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే, ఫైళ్ళను కుదించే సాఫ్ట్‌వేర్‌లో బయటివారు రహస్యంగా చొరబడేందుకు పెట్టిన దొంగదారి బయటపడింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ళ తరబడి జీతం లేకుండా, దాదాపు ఒంటరిగా నిర్వహించిన మనిషి అలసిపోయి ఉన్నప్పుడు, పనులు ఆలస్యమవుతున్నాయని ఇతరులు ఒత్తిడి తెచ్చారు. సహాయకుడిగా చేరి నమ్మకం సంపాదించిన వ్యక్తే ఆ దొంగదారిని చొప్పించాడు. లాగిన్‌లో అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఒక ఇంజనీరు ఆరా తీయబట్టి అది దొరికింది. ఒంటరిగా నిర్వహించే బాధ్యతను ఎవరూ నెత్తిన వేసుకోవద్దు. మీరు లేనిరోజు చూసుకోగల మరొకరు ఉన్న చోటే చేరండి.

అన్వేషి:

అందరికీ కృతజ్ఞతలు. గణకుడు గారి లెక్కను నా పొదుపుతో సరిచూసుకున్నాను. తొలి ఏళ్ళలో కొంత సంపాదన ఉంటే మేలే, అది పాత సంస్థ నుంచే రావాలన్న నియమం లేదు. వారికి సలహాదారుగా రాలేనని రాశాను. నా తరువాత ఆ సర్వర్లను చూస్తున్న ఇద్దరు చిన్నవాళ్ళు నేరుగా ఏదైనా అడిగితే పగటి వేళల్లో సమాధానం చెబుతానని, సర్వర్లలోకి ప్రవేశం మాత్రం నాకు వద్దని కూడా అందులో చేర్చాను. ప్రవేశం ఉంటే ఏం జరుగుతుందో తెరచాప గారు చెప్పనే చెప్పారు.

సహచరి గారూ, మీరు రాసింది ఇంట్లో చదివి వినిపించాను. అలమరల జోలికి నేనింకా వెళ్ళలేదు. నీటి మోటారు వేళలను మాత్రం మార్చాను. వాటిని తిరిగి పాత వేళలకే పెట్టమన్నారు, పెట్టేశాను.

తెరచాప:

ప్రవేశం వద్దనడం సరైన నిర్ణయం. ప్రశ్నలకు సమాధానమిస్తాననడం మీద నాకు ఇంకా సందేహమే. ఆ ఇద్దరూ తమంతట తాము ఒక రాత్రి గడ్డు సమస్యను ఎదుర్కొని గట్టెక్కితేగాని ఆ వ్యవస్థ వాళ్ళదవదు. మీరు అందుబాటులో ఉన్నంతకాలం అది జరగడం ఆలస్యమవుతుంది. కనీసం ఒక గడువైనా పెట్టండి.

అన్వేషి:

గడువు సంగతి నాకు తట్టలేదు. మూడు నెలలని ఈరోజే వాళ్ళకు రాస్తాను.