అప్‌డేట్: మా జిల్లా పేజీల సంగతి

మేం తెప్పించుకునే పేపరు జిల్లా పేజీల్లో ఊరి వార్తలు తగ్గిపోయి, వెంచర్ల ప్రకటనలే వార్తల్లా వస్తున్నాయి, ఎవరికి చెప్పుకోవాలని ఇక్కడ అడిగాను కదా. మీరన్నట్టే ముందు ఎడిటర్‌కు రాశాను. జవాబు లేదు. మండల విలేకరిని కలిస్తే పాపం ఆయన గోడు వేరే: చేతికొచ్చేది అంతంతమాత్రం, పైగా పండగలకీ, నాయకుల పుట్టినరోజులకీ యాడ్ టార్గెట్లు. ఇక కాలువ గట్టు మీదికెళ్లి వార్త రాసేదెప్పుడు? ఆయన మీద కోపం పోయింది, యాజమాన్యం మీద పెరిగింది.

మొన్న మళ్లీ ప్లాట్ల ప్రకటనను వార్త అక్షరాల్లోనే వేశారు, మూలన కూడా ‘ప్రకటన’ అని లేదు. ఆ కటింగు, ఎడిటర్‌కు రాసిన ఉత్తరం నకలు జతచేసి, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు పంపాను. దినపత్రిక మీదైతే అచ్చయిన 2 నెలల్లోపే ఫిర్యాదు చేయాలి, పంపదలచుకున్నవాళ్లు ఆలస్యం చేయకండి. పేపరు మాత్రం వచ్చే నెల నుంచి వేయొద్దని చెప్పేశాను.