సమస్య: మోజు తీరకుండ మోజు తీరె

ఈసారి సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం; ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. అయిదు గణాలూ గలాలే (గురువు, వెంట లఘువు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) మో–మో, కాబట్టి లెక్కలో ఇబ్బంది లేదు. చిక్కంతా "తీరు" దగ్గరే. ఆకలి తీరిందంటే కడుపు నిండిందని, గడువు తీరిందంటే అయిపోయిందని. ఉన్నట్టుండి పుట్టి, అంతలోనే పోయే కోరికల మీద రాయండి.

మొదటి పూరణ

వీణ నేర్వ నెంచి వెంటనే తెప్పింప
మూల జేరె నదియె ముసుగుతోడ
తీగ మీటకుండ దినములు గడిచెను
మోజు తీరకుండ మోజు తీరె

— సూటిగా ఉంది. రెండు "తీరు"ల తేడా వివరించకుండానే తెలిసింది. "అదియె" మాత్రం గణం కోసం వచ్చి కూర్చుంది.

— ఒప్పుకుంటానండీ. ముసుగు బదులు గవిసెన (వీణకు తొడిగే గుడ్డ సంచి) అనాలనిపించింది, యతి ఒప్పుకోలేదు.

— ముసుగే మేలు. ముట్టుకోలేదన్న సంగతి ఆ ఒక్క మాటలోనే ఉంది.

రెండో పూరణ

సారె తిప్ప బూని సంబర పడినాను
మట్టితోడ రోజు మాపుదాక
చేతిలోనె కూలె, జేసితి నైదారు
మోజు తీర, కుండ మోజు తీరె

— భలే విరిచారు! "తీరకుండ"లో కుండ ఉందని సమస్య ఇచ్చిన నాకే తట్టలేదు.

— ఇది చిక్కు విప్పడమా, తప్పించుకోవడమా?

— పదం విరిచి పూరించడం పాత దారే. ఆ విరుపు బలవంతంగా ఉంటే తప్పించుకోవడం అనొచ్చు. ఇక్కడ సారె (కుమ్మరి చక్రం), మట్టి ముందే వచ్చాయి కాబట్టి కుండ దానంతటదే తేలింది. కూలిందేమిటో మూడో పాదంలో చెప్పకుండా ఆపడం కూడా నచ్చింది.

మూడో పూరణ

ఊపు తగ్గె నాకు, నుబలాట మణగెను
తిక్క కుదిరె నొక్క దినము లోనె
పిచ్చి ముదిరి పోయె, వెర్రియు దలకెక్కె
మోజు తీరకుండ మోజు తీరె

కొత్తగా రాస్తున్నానండీ. మూడో పాదంలో పి–వె యతి చెల్లుతుందా? టెన్షన్‌గా ఉంది.

— చెల్లుతుంది. ప ఫ బ భ లతో వ కు యతిమైత్రి (యతిలో పొత్తు) ఉంది, ఇ–ఎ లూ కలుస్తాయి. మీ పద్యంలో నాకు నచ్చింది వేరే. ఊపు తగ్గుతుంది, ఉబలాటం అణుగుతుంది, తిక్క కుదురుతుంది. ఒక్కో వెర్రికి ఒక్కో క్రియ! "తిక్క తీరింది" అని ఎవరూ అనరు. "సరదా తీరింది" అంటారు గానీ, ఎక్కువగా దెబ్బ తిన్నాకే. మోజు ఒక్కటే అనుభవించినా తీరుతుంది, విసుగొచ్చినా తీరుతుంది. సమస్య పుట్టింది అక్కడే.

— మధ్యలో ఒక మాట. ఉర్దూలో మౌజ్ అంటే ఉల్లాసమే కాదు, అల కూడా. మన మోజు దానికి చుట్టమే.

— బాగుంది. మళ్లీ పద్యానికి వస్తే, దోషం అర్థంలో ఉంది. రెండు పాదాలు దిగి, మూడో పాదంలో ఒక్కసారిగా తలకెక్కారు. నాలుగో పాదంలో మళ్లీ దిగారు. ఎక్కడం ఎందుకు?

— ముదరడం అన్న క్రియను వదల్లేక ఇరికించానండీ. మూడో పాదం ఇలా మార్చనా?

పట్టినట్టి పిచ్చి వదలెను దెలవార

— ఇప్పుడు నడిచింది. ప–వ యతి కూడా నిలిచింది. "ఒక్క దినము" అన్నాక "తెలవార" ఎందుకని ఎవరైనా అడగొచ్చు. నేనైతే అడగను.