విన్‌ఫామ్స్ కాంబో బాక్స్: జిల్లా ఎంచుకోకముందే ఈవెంట్ ఫైర్ అవుతోంది, పాత రికార్డు తెరిస్తే మండలం ఖాళీ

ఆటోనగర్_బుకింగ్

గాజువాక ఆటోనగర్‌లో ఒక లారీ బుకింగ్ ఆఫీసు కోసం సీ షార్ప్ విన్‌ఫామ్స్ (విండోస్ ఫారాలు తయారుచేసే డాట్‌నెట్ సదుపాయం) ప్రోగ్రాం. ఎల్ఆర్ (లారీ రసీదు) ఫారంలో రెండు కాంబో బాక్సులు (నొక్కితే లిస్టు తెరుచుకునే పెట్టెలు): జిల్లా, మండలం. రెండూ డ్రాప్‌డౌన్‌లిస్ట్ స్టైలే, టైపింగ్ లేదు. జిల్లా మారితే ఆ జిల్లా మండలాలు రెండో దాంట్లోకి రావాలి. కోడ్ జిల్లా కాంబో సెలెక్టెడ్ఇండెక్స్‌ఛేంజ్డ్ ఈవెంట్ (ఎంపిక మారిందన్న సంకేతం) హ్యాండ్లర్‌లో, అంటే ఆ ఈవెంట్ ఫైర్ అయినప్పుడు నడిచే చోట ఉంది. ఫారం లోడ్‌లో ముందు డేటాసోర్స్ (జిల్లాల టేబుల్), తర్వాత డిస్‌ప్లేమెంబర్ (కనిపించాల్సిన పేరు కాలమ్), చివర వాల్యూమెంబర్ (ఐడీ కాలమ్) ఇస్తున్నాను.

ఫారం తెరుచుకుంటుండగానే, ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే, హ్యాండ్లర్ రెండు మూడు సార్లు నడుస్తోంది. సెలెక్టెడ్‌వాల్యూని (ఎంచుకున్న దాని ఐడీని) ఇంట్‌గా, అంటే పూర్ణాంకంగా, క్యాస్ట్ చేసే లైన్ దగ్గర డేటారోవ్యూని ఇంట్32గా మార్చలేమని ఇన్‌వ్యాలిడ్‌క్యాస్ట్ ఎక్సెప్షన్ (ఎర్రర్). "లోడింగ్" అని ఒక బూలియన్ ఫ్లాగ్ (అవును/కాదు గుర్తు) పెట్టి, అది ఆన్‌లో ఉంటే హ్యాండ్లర్ ఏమీ చేయకుండా చేస్తే ఆ ఎక్సెప్షన్ ఆగింది. కానీ ఇప్పుడు సేవ్ చేసిన ఎల్ఆర్ తెరిస్తే జిల్లా కనిపిస్తోంది, మండలం ఖాళీ. ఎక్కడ ఏటవుతోందో చెప్పండి.

భీమిలి_డెవ్

ముందు ఆ మూడు లైన్ల వరస మార్చండి. డిస్‌ప్లేమెంబర్, వాల్యూమెంబర్ ముందు, డేటాసోర్స్ ఆఖర్న. డేటాసోర్స్ ఇచ్చిన మరుక్షణం కాంబో దానంతటదే టేబుల్‌లో మొదటి రోని ఎంచుకుంటుంది, ఈవెంట్ అప్పుడే ఫైర్ అవుతుంది. ఆ సమయానికి వాల్యూమెంబర్ ఖాళీగా ఉంటే సెలెక్టెడ్‌వాల్యూ ఐడీని కాదు, మొత్తం రోనే తిరిగి ఇస్తుంది. మీకు కనిపించిన డేటారోవ్యూ అదే. తర్వాత డిస్‌ప్లేమెంబర్ ఇచ్చినప్పుడు లిస్టు మళ్ళీ నిండుతుంది కాబట్టి ఈవెంట్ ఇంకోసారి.

వరస సరిచేశాక ఎక్సెప్షన్ పోతుంది గానీ ఈవెంట్ ఒక్కసారైనా ఫైర్ అవుతుంది. అంతకన్నా ప్రమాదం, ఇంగ్లీషు అక్షర క్రమంలో పెట్టిన ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో మొదటిది అల్లూరి సీతారామరాజు. బుకింగ్ గుమస్తా జిల్లా ముట్టుకోకుండా సేవ్ కొడితే మర్రిపాలెం సరుక్కి కూడా ఏజెన్సీ జిల్లా పేరుతో ఎల్ఆర్ ప్రింట్ అవుతుంది. అందుకే డేటాసోర్స్ తర్వాత సెలెక్టెడ్ఇండెక్స్‌ని -1 (ఏదీ ఎంచుకోలేదని అర్థం) చేయండి. దానికీ ఈవెంట్ ఫైర్ అవుతుందని మర్చిపోవద్దు. అప్పుడు సెలెక్టెడ్‌వాల్యూ నల్, అంటే విలువే ఉండదు. నేరుగా ఇంట్‌కి క్యాస్ట్ చేస్తే నల్‌రిఫరెన్స్ ఎక్సెప్షన్. కన్వర్ట్.టుఇంట్32 వాడితే ఇంకా మోసం: నల్ ఇస్తే చడీచప్పుడు లేకుండా 0 ఇస్తుంది, మీరు 0 నంబరు జిల్లా మండలాల కోసం డేటాబేస్‌కి క్వెరీ పంపుతారు, ఖాళీ లిస్టు వస్తుంది, తప్పు ఎక్కడుందో తెలీదు. "ఈజ్ ఇంట్" అని రకం చూసి, కాకపోతే మండలాల లిస్టు ఖాళీ చేసి రిటర్న్ అవడం మేలు.

కంచరపాలెం_కోడ్

పైన చెప్పింది కరెక్టే, కానీ అసలు జబ్బు అది కాదు. మండలాలు నింపే పని ఈవెంట్ హ్యాండ్లర్ లోపల ఇరుక్కుపోయింది. దాన్ని బయటికి తీసి, జిల్లా ఐడీ తీసుకునే ఒక ఫంక్షన్‌గా రాయండి. ఈవెంట్ ఆ ఫంక్షన్‌ని పిలవాలి, అంతే.

ఈవెంట్ కూడా మార్చండి. సెలెక్టెడ్ఇండెక్స్‌ఛేంజ్డ్‌కి మనిషి మార్చాడా, కోడ్ మార్చిందా అన్న తేడా తెలీదు. సెలెక్షన్‌ఛేంజ్‌కమిటెడ్ మనిషి ఎంచుకున్నప్పుడే ఫైర్ అవుతుంది. కోడ్ నుంచి విలువ మారిస్తే అది పలకదు, కాబట్టి మీ బూలియన్ ఫ్లాగ్ తీసి పారేయొచ్చు. లోపల టెక్స్ట్ ప్రాపర్టీ మాత్రం చదవొద్దు, అప్పటికి పాత పేరే ఉండే అవకాశం ఉంది. సెలెక్టెడ్ఐటమ్ గానీ సెలెక్టెడ్‌వాల్యూ గానీ చదవండి. ఇంకో మాట, ఎప్పుడైనా స్టైల్ డ్రాప్‌డౌన్‌కి మార్చి ఆటోకంప్లీట్ పెడితే, టైప్ చేసి ట్యాబ్ కొట్టినప్పుడు ఇది ఫైర్ కాకపోవచ్చు. అప్పుడు వ్యాలిడేటెడ్ ఈవెంట్‌లో కూడా చూసుకోవాలి.

మీ మండలం ఖాళీకి కారణం: ఫ్లాగ్ ఆన్‌లో ఉండగా జిల్లా సెట్ చేస్తున్నారు, హ్యాండ్లర్ ఏమీ చేయకుండా వెనక్కి వెళ్తోంది, నిండని లిస్టులో మండలం వెతుకుతున్నారు. సేవ్ చేసిన ఎల్ఆర్ తెరిచేటప్పుడు జిల్లా సెలెక్టెడ్‌వాల్యూ ఇవ్వండి, వెంటనే మీరే మండలాల ఫంక్షన్‌ని పిలవండి, అది పూర్తయ్యాకే మండలం సెలెక్టెడ్‌వాల్యూ ఇవ్వండి.

ఇక్కడే మన జిల్లా ప్రోగ్రాంలకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖపట్నం మూడు జిల్లాలైంది. అంతకుముందు సేవ్ అయిన ఎల్ఆర్‌లో జిల్లా విశాఖపట్నం, మండలం పాడేరు అని ఉంటుంది. కొత్త మాస్టర్‌లో (జిల్లాలు, మండలాల మూల పట్టికలో) విశాఖపట్నం కింద పాడేరు లేదు. లిస్టులో లేని విలువను సెలెక్టెడ్‌వాల్యూకి ఇస్తే విన్‌ఫామ్స్ ఎర్రర్ ఇవ్వదు, ఇండెక్స్‌ని -1 చేసి ఊరుకుంటుంది. గుమస్తా చూసుకోకుండా మళ్ళీ సేవ్ చేస్తే పాత మండలం చెరిగిపోతుంది. విలువ ఇచ్చాక ఇండెక్స్ -1 అయిందేమో చూసి, అయితే పాత పేరు పక్కన లేబుల్‌లో చూపించి సేవ్ బటన్ ఆపండి. లిస్టు డేటాటేబుల్ కాక మామూలు జెనరిక్ లిస్ట్ అయితే ఐడీ రకం కూడా చూడండి. డేటాబేస్ నుంచి లాంగ్ (ఇంట్ కన్నా పెద్ద పూర్ణాంక రకం) వచ్చి, క్లాసులో ఇంట్ ఉంటే రెండూ 11 అయినా సమానం కావు, ఫలితం అదే -1.

ఆటోనగర్_బుకింగ్

ఫంక్షన్ విడగొట్టి కమిటెడ్‌కి మార్చాను, రెండు సమస్యలూ పోయాయి. ఇప్పుడు కొత్తది. గుమస్తాలు మౌస్ ముట్టరు, కీబోర్డే. విజయనగరం కావాలంటే వీ కీ రెండుసార్లు కొడతారు, మధ్యలో విశాఖపట్నానికి కూడా క్వెరీ వెళ్తోంది. సర్వర్ నెమ్మదిగా ఉన్నప్పుడు జిల్లా విజయనగరం, మండలాల్లో పెందుర్తి, ఆనందపురం! ఫంక్షన్‌లో అవెయిట్ (జవాబు వచ్చేదాకా ఫారం స్తంభించకుండా ఎదురుచూసే పద్ధతి) వాడుతున్నాను. ఇంకోటి, సరుకు దింపే చోటు అని మూడో కాంబోకీ అదే జిల్లాల టేబుల్ ఇచ్చాను, ఒకటి మారిస్తే రెండోదీ మారుతోంది.

భీమిలి_డెవ్

మూడో కాంబో సంగతి చిన్నది. ఒకే ఫారంలో ఒకే డేటాసోర్స్ ఇస్తే రెండూ ఒకే కరెన్సీమేనేజర్‌ని (ప్రస్తుతం ఏ రో మీద ఉన్నామో గుర్తుంచుకునేది) పంచుకుంటాయి, ప్రస్తుత రో ఒక్కటే ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో కొత్త బైండింగ్‌సోర్స్ చేసి, దానికి టేబుల్ ఇవ్వండి. టేబుల్ కాపీ చేయనక్కర్లేదు.

కంచరపాలెం_కోడ్

కీబోర్డు సంగతి: లిస్టు మూసి ఉన్నప్పుడు ప్రతి బాణం కీ, ప్రతి అక్షరం ఒక పూర్తి ఎంపికే. రెండు కట్టడులు కావాలి, ఒక్కటి చాలదు.

మొదటిది టైమర్. ఫారంస్ టైమర్ ఇంటర్వల్ 300 మిల్లీసెకన్లు పెట్టండి. కమిటెడ్‌లో దాన్ని స్టాప్ చేసి స్టార్ట్ చేయడం తప్ప ఏమీ చేయొద్దు. టిక్‌లో ముందు స్టాప్, తర్వాత మండలాల ఫంక్షన్. వీ వీ అని త్వరగా కొడితే ఒక్క క్వెరీయే వెళ్తుంది. కమిటెడ్‌లోనే మండలం కాంబో డిసేబుల్ చేసి, నిండాక ఎనేబుల్ చేయండి. లేకపోతే ఆ వ్యవధిలో ట్యాబ్ కొట్టి పాత లిస్టులో మండలం ఎంచుకుంటారు. సేవ్ బటన్‌కీ ఇదే నియమం.

రెండోది, ఆలస్యంగా వచ్చిన జవాబును పారేయడం. మీకు కనిపించిన పెందుర్తి ఇదే: విశాఖ క్వెరీ ముందు వెళ్ళి వెనక వచ్చింది. ఫారంలో ఒక పూర్ణాంకం పెట్టి, ఫంక్షన్ మొదట్లో ఒకటి పెంచి, ఆ విలువను లోకల్‌గా దాచుకోండి. అవెయిట్ తర్వాత రెండూ సమానం కాకపోతే కాంబోని ముట్టకుండా రిటర్న్. టైమర్ ఉంది కదా అని దీన్ని వదిలేయకండి, క్వెరీకి సెకను పడితే 300 మిల్లీసెకన్లు ఏ మూలకీ రావు.

లాసన్స్‌బే_క్యూటీ

విన్‌ఫామ్స్ కాకుండా క్యూటీ, జావా స్వింగ్, డబ్ల్యూపీఎఫ్ లాంటి వేరే ఫారం టూల్‌కిట్లు వాడే వాళ్ళ కోసం ఒక ముక్క. క్యూటీలో కరెంట్ఇండెక్స్‌ఛేంజ్డ్ ఎవరు మార్చినా వస్తుంది, యాక్టివేటెడ్ మనిషి ఎంచుకుంటేనే వస్తుంది, ఉన్నదాన్నే మళ్ళీ ఎంచుకున్నా వస్తుంది. జావా స్వింగ్‌లో ఐటమ్‌లిజనర్ ఒక్క మార్పుకి రెండుసార్లు పిలుస్తుంది, డిసెలెక్టెడ్ ఒకసారి, సెలెక్టెడ్ ఒకసారి. డబ్ల్యూపీఎఫ్‌లో సెలెక్షన్‌ఛేంజ్డ్ తనను పట్టుకున్న పై కంట్రోల్‌కి పాకుతుంది: ట్యాబ్‌కంట్రోల్ లోపల కాంబో ఉంటే, కాంబో మార్చినప్పుడల్లా ట్యాబ్ మారిందనుకుని దాని హ్యాండ్లర్ నడుస్తుంది. ఈ.సోర్స్ (ఈవెంట్ ఎక్కడ పుట్టిందో చెప్పేది) ట్యాబ్‌కంట్రోలేనా అని చూడాలి.

ఆటోనగర్ గారూ, మౌస్ చక్రం కూడా చూసుకోండి. జిల్లా ఎంచుకున్నాక ఫోకస్ అక్కడే ఉండి, ఫారం కిందికి జరపాలని చక్రం తిప్పితే జిల్లా మారిపోతుంది. కాంబో మౌస్‌వీల్ ఈవెంట్‌లో ఆర్గ్యుమెంట్‌ని హ్యాండిల్డ్‌మౌస్‌ఈవెంట్‌ఆర్గ్స్‌గా క్యాస్ట్ చేసి హ్యాండిల్డ్ ట్రూ ఇవ్వండి. డిజైనర్ ప్రాపర్టీల్లో ఆ ఈవెంట్ కనిపించదు, కోడ్‌లోనే జోడించాలి. లిస్టు తెరిచి ఉన్నప్పుడు స్క్రోల్ కావాలి కాబట్టి డ్రాప్డ్‌డౌన్ ఫాల్స్ అయినప్పుడే ఆపండి.